గాజుకు రంగు వేయకండి

ఈరోజు గాజు గురించి, నీళ్ల గురించి మాట్లాడుకుందాం. చేత్తో పట్టుకునే గాజు కాదు, తాగే నీళ్లూ కాదు. కంప్యూటర్లో తయారై తెర మీద కనిపించే గాజు, నీళ్లు. సినిమాలో సముద్రం, ప్రకటనలో చల్లటి పానీయం సీసా, కొత్త అపార్టుమెంటు బ్రోచర్లో అద్దాల కిటికీలు, ఫోన్‌లో ఆడే గేమ్‌లో చెరువు. వీటిలో చాలా వరకు ఇవాళ కెమెరా ముందుకు వచ్చినవి కావు. కంప్యూటర్ లెక్క కట్టి గీసినవి. ఈ లెక్క కట్టి గీసే పనినే రెండరింగ్ అంటారు. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. అందుకని కాలేజీ పిల్లలు కూడా సొంత లాప్‌టాప్ మీద ఈ పని నేర్చుకుంటున్నారు. మొదట బల్ల చేస్తారు. బాగానే వస్తుంది. గోడ చేస్తారు. అదీ బాగానే వస్తుంది. గాజు గ్లాసు దగ్గరికి వచ్చేసరికి చిక్కుపడుతుంది. గ్లాసు ప్లాస్టిక్ డబ్బాలా కనిపిస్తుంది. లేదంటే నల్లగా ముద్దగా వస్తుంది. అందులో నీళ్లు పోస్తే జెల్లీలా ఉంటాయి. అప్పుడేం చేస్తారు? గాజుకు పెట్టిన రంగు మారుస్తారు. మెరుపు పెంచుతారు, తగ్గిస్తారు. ఇంకో రంగు పెడతారు. ఎంత మార్చినా అది గాజు అనిపించదు. ఎందుకు? నా వాదన ఒక్కటే. గాజుకూ నీళ్లకూ తమదంటూ చూపించుకోవడానికి ఉన్నది చాలా తక్కువ. అవి చూపించేది చుట్టూ ఉన్నవాటిని. కాబట్టి గాజు నమ్మేలా రావాలంటే ముందు సరిచేయాల్సింది గాజును కాదు. దాని చుట్టూ ఉన్న గదిని, దాన్ని చూసే కోణాన్ని, దాని మందాన్ని.

ఇంట్లో ఉంటే ఒక గాజు గ్లాసు తీసుకోండి. పూలూ గీతలూ లేని నున్నటి గ్లాసు. ముప్పావు వంతు నీళ్లు పోయండి. ఒక స్టీలు చెంచా వేయండి. కిటికీ వెలుగు పడేచోట బల్ల మీద పెట్టండి. ఇప్పుడు చూడండి. ఇందులో గాజు ఎక్కడుంది? నడిమధ్యలో వెనకున్న గోడ కనిపిస్తుంది. నీళ్లున్న మేరకు ఆ గోడ మీది క్యాలెండరు కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. అంచుల్లో సన్నటి నల్ల గీత ఉంటుంది. అది గాజు రంగు కాదు. పక్కనెక్కడో ఉన్న చీకటి మూల వెలుగుతోపాటు వంగి వచ్చి అక్కడ చేరింది. నిలువుగా ఒక తెల్లటి చార ఉంటుంది. అది కిటికీ. చెంచా నీటిమట్టం దగ్గర విరిగినట్టు ఉంటుంది. గ్లాసును కంటికన్నా కాస్త పైకెత్తి, కింది నుంచి నీటిమట్టాన్ని చూడండి. అది వెండిరంగులో మెరుస్తుంది. అందులో చెంచా తలకిందులుగా కనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూసుకోండి. గోడ ఉంది, క్యాలెండరు ఉంది, చీకటి మూల ఉంది, కిటికీ ఉంది, చెంచా ఉంది. గాజుది అని చెప్పుకోదగ్గది ఏముంది? అడుగున మందంగా ఉన్నచోట లేత ఆకుపచ్చ ఛాయ ఒక్కటి. అంతే. మిగతాదంతా ఇరుగుపొరుగు సొమ్ము.

ఇది మాట చమత్కారం కాదు. బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే. వెలుగు గాలిలోంచి నీళ్లలోకి దిగేటప్పుడు దారి మార్చుకుని వంగుతుంది. దీన్ని వక్రీభవనం అని చదువుకున్నాం. ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య వక్రీభవన గుణకం. సాఫ్ట్‌వేర్లో దాన్ని ఐఓఆర్ అంటారు. గాలికి అది దాదాపు 1. నీటికి 1.33. మామూలు గాజుకు 1.5 దగ్గర. వజ్రానికి 2.42. ఈ వంపు సూత్రానికి డచ్ శాస్త్రవేత్త స్నెల్ పేరు స్థిరపడింది. ఆయన 1621లో కనుక్కున్నాడు. అంతకు 600 ఏళ్ల కన్నా ముందే, 984 ప్రాంతంలో, బాగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ అనే పండితుడు ఇదే సంగతి రాసిపెట్టాడు. కంప్యూటర్ బొమ్మల్లో ఈ సూత్రాన్ని అందరూ చూసి ఆశ్చర్యపోయేలా వాడినవాడు టర్నర్ విటెడ్. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవాడు. 1980లో ఆయన పత్రం అచ్చయింది. ఆయన పద్ధతి వినడానికి చాలా తేలిక. మన కంటి నుంచి ఒక గీత బయల్దేరుతుంది. గాజుకు తగిలితే అది రెండవుతుంది. ఒకటి తుళ్లి వెనక్కి పోతుంది. ఇంకొకటి వంగి లోపలికి పోతుంది. అవి మళ్లీ దేనికైనా తగిలితే మళ్లీ చీలుతాయి. చివరికి ఏ వస్తువు దగ్గర ఆగితే ఆ వస్తువు రంగు మన కంటికి చేరుతుంది. దీన్నే రే ట్రేసింగ్ అంటారు. ఆ పత్రంలో ఒక బొమ్మ ఉంది, 640కి 480 చుక్కలది. అప్పటి వ్యాక్స్ 11/780 కంప్యూటర్‌కు ఆ ఒక్క బొమ్మ గీయడానికి 74 నిమిషాలు పట్టింది.

ఆ బొమ్మలో ఏముంది? రెండు గోళాలు. ఒకటి గాజుది, ఒకటి అద్దంలా మెరిసేది. వాటి కింద ఎరుపు, పసుపు గళ్ల నేల. చరిత్ర రాసేవాళ్లు గోళాల గురించే చెబుతారు. నన్నడిగితే ఆ బొమ్మలో సగం బలం గళ్ల నేలది. తిన్నగా సాగే గళ్లు గోళంలో చూస్తే వంగి ఉంటాయి. వంగాయి కాబట్టే మధ్యలో ఏదో ఉందని కన్ను ఒప్పుకుంటుంది. గళ్లు తీసేసి ఒకే రంగు నేల వేయండి. చుట్టూ అంతా అదే రంగు వేయండి. సూత్రం ఒక్కటీ మారలేదు. లెక్క ఎక్కడా తప్పలేదు. అయినా గాజు గోళం దాదాపు మాయమైపోతుంది. వంచడానికి ఎదురుగా ఏదీ లేనప్పుడు వంచడం కనిపించదు కదా. కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు సరిగ్గా ఇదే. సాఫ్ట్‌వేర్ తెరవగానే ఉండే బూడిదరంగు శూన్యంలో గ్లాసు ఒక్కదాన్నీ నిలబెడతారు. అది గాజులా లేదని గాజును తిట్టుకుంటారు. మయసభలో దుర్యోధనుడికి జరిగింది కూడా ఒక రకంగా ఇదే. నీళ్లో స్ఫటికపు నేలో చెప్పే ఆనవాలు చుట్టుపక్కల లేకపోతే ఎంతటి చక్రవర్తి కన్నయినా మోసపోతుంది. మయుడు కావాలనే ఆ ఆనవాళ్లు తీసేశాడనుకోవచ్చు. మన పని దానికి తలకిందులు. ఆనవాళ్లు ఇవ్వాలి.

ఇక్కడ ఒకరు అడ్డు తగలవచ్చు. అయ్యా, ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ భౌతికశాస్త్రాన్ని అక్షరాలా పాటిస్తుంది కదా, ఐఓఆర్ 1.5 అని పెడితే మిగతాదంతా అదే చూసుకోదా అని. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఫోటోగ్రాఫర్ల దగ్గర ఉంది. వాళ్ల గాజు నిజమైన గాజు. వాళ్ల వెలుగు నిజమైన వెలుగు. వాళ్ల కెమెరాలో భౌతికశాస్త్రం ఎక్కడా తప్పదు. అయినా ప్రకటన కోసం ఒక సీసాను ఫోటో తీయాలంటే ఎంత శ్రమ పడతారో చూడండి. వెనక తెల్లటి వెలుగు తెర పెడతారు. సీసాకు రెండు పక్కలా, కెమెరాకు కనపడకుండా, నల్లటి అట్టలు నిలబెడతారు. ఆ నలుపు వంగి వచ్చి సీసా అంచుల్లో నల్ల గీతలుగా నిలుస్తుంది. సీసా ఆకారం గీసినట్టు తేలుతుంది. ఇంకో పద్ధతిలో వెనక నలుపు పెట్టి పక్కల నుంచి వెలుగు పంపుతారు. అప్పుడు అంచులు తెల్లగా వెలుగుతాయి. సీసా అదే, గాజు అదే. మారింది చుట్టూ ఉన్నది మాత్రమే. నిజమైన గాజుకే ఇంత ఏర్పాటు కావాల్సి వస్తే, లెక్కల గాజుకు అక్కర్లేదని ఎలా అనగలం? సినిమా చరిత్రలోనూ దీనికి సాక్ష్యం ఉంది. 1989లో జేమ్స్ కామెరాన్ తీసిన ది అబిస్ సినిమాలో నీళ్లే ఒక పాములా సాగి వచ్చి మనుషుల ముందు తల ఎత్తుతాయి. ఆ దృశ్యం తెర మీద ఉండేది 75 సెకన్లు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థకు దానికి ఆరు నెలలు పట్టింది. నీళ్లను గీసే ముందు వాళ్లు ఆ సెట్‌ను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నారు. ఆ గదిని కంప్యూటర్లో మళ్లీ కట్టారు. ఎందుకంటే నీళ్లలో కనిపించాల్సింది ఆ గదే. ఇప్పుడు ఇంత కష్టం అక్కర్లేదు. చుట్టూ ఉన్న పరిసరాన్ని మొత్తం వెలుగు తీవ్రతతో సహా పట్టుకునే హెచ్‌డీఆర్‌ఐ చిత్రాలు వాడొచ్చు. 1998లో పాల్ డెబెవెక్ చూపించిన దారి అది. అలాంటి ఒక్క చిత్రం చుట్టూ పెట్టి చూడండి. గాజు సెట్టింగు ఒక్కటీ ముట్టుకోకుండానే సగం సమస్య తీరిపోతుంది.

మిగతా సగంలో పెద్ద వాటా కోణానిది. చెరువు గట్టున నిలబడ్డవాళ్లకు ఇది తెలుసు. కాళ్ల దగ్గర నీళ్లలోకి చూస్తే అడుగున రాళ్లు కనిపిస్తాయి. అదే చెరువులో దూరంగా చూస్తే రాళ్లూ లేవు, నాచూ లేదు. ఆకాశం, అవతలి గట్టు మీది చెట్లు. నీళ్లు మారలేదు. చూపు వాలు మారింది. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ దీనికి సమీకరణాలు ఇచ్చాడు. నిటారుగా కిందికి చూస్తే నీటి మీద పడ్డ వెలుగులో నూటికి 2 వంతులే వెనక్కి తుళ్లుతుంది. గాజు అయితే 4 వంతులు. నిట్టనిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చి చూసినా నీటికి 6 వంతులే. 80 డిగ్రీలు వాల్చితే ఒక్కసారిగా మూడో వంతుకు ఎగబాకుతుంది. చూపు నీటిని రాసుకుంటూ పోయేంత వాలితే దాదాపు మొత్తం. గమనించండి. చాలాసేపు ఏమీ జరగదు. చివర్లో ఒక్కసారిగా అంతా జరుగుతుంది. కొత్తవాళ్లు నీటికి మెరుపు నూటికి 30 అని ఒక అంకె పెట్టేస్తారు. అప్పుడు కాళ్ల దగ్గర నీళ్లు అతిగా మెరుస్తాయి, దూరంలో చాలినంత మెరవవు. జెల్లీ అనిపించేది అందుకే. క్రిస్టోఫ్ ష్లిక్ అనే పరిశోధకుడు 1994లో, వాలును బట్టి మెరుపు మారే ఈ తీరును చిన్న సూత్రంలో ఇమిడ్చాడు. గుణకారాలు నాలుగైదు చేస్తే చాలు. ఫోన్‌లోని గేమ్ కూడా దాన్ని మోయగలదు.

నీటి మీద తుళ్లే వెలుగు వేరు, నీటి లోపలి నుంచి వచ్చే వెలుగు వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడడం ఎంత ముఖ్యమో చెప్పడానికి మనకు బాగా తెలిసిన పేరే ఉంది. విశాఖపట్నంలో చిన్నప్పుడు చదువుకున్న సి.వి. రామన్. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ ఆయన మధ్యధరా సముద్రాన్ని చూశాడు. సముద్రం నీలంగా ఉండేది ఆకాశం ప్రతిబింబించడం వల్లనే అని లార్డ్ రేలీ అంతటి భౌతికశాస్త్రవేత్త అప్పటికే తేల్చేశాడు. రామన్ ఊరుకోలేదు. ఒక ప్రత్యేక వాలులో చూసినప్పుడు నీటి మీద తుళ్లిన వెలుగును నికోల్ పట్టకంతో అడ్డుకోవచ్చు. ఆయన అలా అడ్డుకుని చూశాడు. ఆకాశం ప్రతిబింబం పోయింది. నీలం పోలేదు. ఇంకా చిక్కగా కనిపించింది. అంటే నీలం నీటి లోపలిదే. లోపలి అణువులు వెలుగును చెదరగొట్టడమే కారణమని రామన్ అన్నాడు. అదీ ఉంది కానీ, నీళ్లు ఎరుపును మింగేయడం అంతకన్నా పెద్ద కారణమని ఇప్పుడు మనకు తెలుసు. రెండరింగ్ చేసేవాళ్లకు ఇందులో కావాల్సింది ఏమిటంటే, నీటి రంగును రెండు చోట్ల లెక్క కట్టాలి. పై మట్టం దగ్గర ఆకాశపు లెక్క. లోపల లోతు లెక్క. ఈ రెంటినీ కలిపి నీటికి నీలం రంగు పూసేస్తే అది స్విమ్మింగ్ పూల్ పెయింటు అవుతుంది.

లోతు లెక్క అన్నాను కదా. అదే మందం సంగతి. మన గ్లాసులోనే ఇంత రస్నా కలపండి. పై నుంచి కిందికి చూస్తే చిక్కటి నారింజ రంగు. గ్లాసును వంచి అంచు దగ్గర పలచగా ఉన్న పొరను చూస్తే రంగు ఉందా లేదా అన్నట్టుంటుంది. రంగు పైన పూసి ఉంటే రెండు చోట్లా ఒకేలా ఉండాలి. లేదు. వెలుగు ఎంత దూరం లోపల నడిస్తే అంత రంగు పోగుపడుతుంది. 18వ శతాబ్దంలో బూగే, లాంబర్ట్, తర్వాత 1852లో బేర్ దీన్ని లెక్కల్లో పెట్టారు. కిటికీ అద్దం ఎదురుగా చూస్తే రంగు లేదు. అదే అద్దం కోసిన అంచు వైపు నుంచి చూస్తే ఆకుపచ్చ. గాజులో ఉన్న కాస్త ఇనుము చేసే పని అది. కాబట్టి సాఫ్ట్‌వేర్లో రంగును పై పొరకు ఇవ్వకండి. లోపలి పదార్థానికి, అంటే వాల్యూమ్‌కు ఇవ్వండి. ఇందులో ఒక మెలిక ఉంది. లోపల నడిచిన దూరం మీద రంగు ఆధారపడుతుంది కాబట్టి కొలతలు నిజమైనవి కావాలి. చాలామంది గ్లాసును చూడ్డానికి వీలుగా ఉంటుందని రెండు మీటర్ల ఎత్తు చేసేస్తారు. తెర మీద తేడా తెలియదు. వాల్యూమ్ రంగు పెట్టగానే గ్లాసు నల్లబడుతుంది. అందులో తప్పేమీ లేదు. రెండు మీటర్ల లోతు రస్నా నల్లగానే ఉంటుంది మరి.

ఇప్పుడు గ్లాసు గోడ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఆగాలి. పని చేసేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. గ్లాసుకు లోపలి గోడ, బయటి గోడ రెండూ చేయాలి. బయటి గోడ ఒక్కటే చేస్తే కంప్యూటర్ దాన్ని లోపలంతా నిండిన గాజు ముద్ద అనుకుంటుంది. పేపర్‌వెయిట్ వస్తుంది. తర్వాత నీళ్లు. నీళ్లను వేరే వస్తువుగా చేసి, గ్లాసు గోడకు తగలకుండా జాగ్రత్తగా లోపల పెడతారు. మంచి ఉద్దేశమే. కానీ మధ్యలో వెంట్రుకంత గాలి పొర మిగిలిపోతుంది. నీళ్లలోంచి, గాజులోంచి గాలిలోకి రాబోయే వెలుగు ఒక వాలు దాటితే అసలు బయటికే రాదు. లోపలికే తుళ్లుతుంది. అదే సంపూర్ణాంతర పరావర్తనం. నీటికి ఆ హద్దు 48.6 డిగ్రీలు. నీటిమట్టం కింది నుంచి వెండిలా మెరిసింది అందుకే. ఇప్పుడు ఆ గాలి పొర వల్ల నీళ్ల చుట్టూ అలాంటి వెండి మెరుపే వస్తుంది. నీళ్లు గ్లాసులో ఉన్నట్టు ఉండవు. గ్లాసులో ఇంకో గాజు కడ్డీ పెట్టినట్టు ఉంటాయి. నిజం గ్లాసులో చూడండి. నీటిమట్టానికి పైన లోపలి గోడ స్పష్టంగా తెలుస్తుంది. నీళ్లున్నచోట అది దాదాపు కనిపించదు. ఎందుకంటే 1.5కీ 1.33కీ తేడా తక్కువ. ఆ హద్దు దగ్గర నిటారుగా పడ్డ వెలుగులో వెయ్యికి మూడు నాలుగు వంతులే తుళ్లుతుంది. దీనికి విరుగుడు ఏమిటంటే నీళ్లను కొద్దిగా పెద్దవి చేసి గాజు గోడ మందంలోకి చొప్పించడం. వినడానికి అబద్ధంలా ఉంటుంది. నీళ్లు గాజులోకి ఎలా దూరతాయి? దూరవు. అలా ఒకదానిలో ఒకటి దూరిన చోట ఏ పదార్థం లెక్కలోకి రావాలో చెప్పే వరుస క్రమాన్ని 2002లో ష్మిట్, బజ్ అనే ఇద్దరు పరిశోధకులు సూచించారు. గాజుకు పెద్దపీట, నీటికి తర్వాతి స్థానం. కొన్ని రెండరర్లలో ఆ సదుపాయం ఉంటుంది. లేనిచోట హద్దును చేత్తో విడగొట్టి, గాజు నీళ్లు కలిసే భాగానికి రెండు సంఖ్యల నిష్పత్తి, అంటే సుమారు 1.13 ఇవ్వాలి. శ్రమే. కానీ దగ్గర్నుంచి చూపించే గ్లాసుకు ఈ శ్రమ తప్పదు.

గ్లాసు నల్లగా రావడానికి కారణం కూడా ఈ గోడల్లోనే ఉంది. ఖాళీ గ్లాసును దాటాలంటే కూడా వెలుగు గీత నాలుగు హద్దులు దాటాలి. ముందు గోడకు రెండు, వెనక గోడకు రెండు. ఒకదాని వెనక ఒకటి మూడు గ్లాసులు పెట్టండి, పన్నెండు. గీతను ఇన్నిసార్లు మించి వెంబడించవద్దని సాఫ్ట్‌వేర్‌కు ఒక పరిమితి ఉంటుంది. బౌన్స్ అంటారు. వేగం కోసం దాన్ని రెండుకో మూడుకో కుదించేస్తే గీత మధ్యలోనే చచ్చిపోతుంది. చచ్చిపోయిన చోట నలుపు. అంతే. గాజు రంగుతో దానికి సంబంధం లేదు.

మరి గ్లాసు నీడ? ఎండలో బల్ల మీద చూడండి. గ్లాసు నీడ మధ్యలో వెలుగు మరకలు, వలలాంటి తెల్లటి గీతలు ఉంటాయి. వాటిని కాస్టిక్స్ అంటారు. వీటిని రాబట్టడం కంప్యూటర్‌కు నిజంగా కష్టం. 1986లో జేమ్స్ కజియా రెండరింగ్ మొత్తానికి ఒక సమీకరణం ఇచ్చాడు. దాంతో వచ్చిన పాత్ ట్రేసింగ్ పద్ధతిలో గీతలు కంటి నుంచే బయల్దేరతాయి. బల్ల మీద పడి, గాజులో వంగి, ఎక్కడో ఉన్న చిన్న దీపానికి సరిగ్గా తగలాలి. అలా తగిలేది లక్షలో ఒకటో రెండో. అందుకే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా నాయిజ్ వస్తుంది. హెన్రిక్ వాన్ జెన్సెన్ 1990ల మధ్యలో దీపం వైపు నుంచి కూడా వెలుగు కణాలను పంపి, అవి ఎక్కడ వాలాయో గుర్తుపెట్టుకునే పద్ధతి తెచ్చాడు. అదే ఫోటాన్ మ్యాపింగ్. బ్లెండర్లో 2022 నుంచి గాజు నీడలోని కాస్టిక్స్‌కు ఒక ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. ఇక్కడ మళ్లీ ఒక అభ్యంతరం. సినిమావాళ్లు వీటిని మోసం చేసి పెట్టేస్తారు కదా, మరి ఇంత శాస్త్రం దేనికి అని. నిజమే, మోసం చేస్తారు. చేయొచ్చు కూడా. ఆ మరక ఏ ఆకారంలో ఉండాలో మన కంటికి తెలియదు. కానీ నీడ మధ్యలో వెలుగే లేకుండా, చెక్క ముక్క నీడలా దట్టంగా ఉంటే కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఎక్కడ మోసం చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలియాలంటేనే శాస్త్రం కావాలి.

కదిలే నీళ్లకు వస్తే, అక్కడ రంగు కన్నా ఆకారానిదే పెత్తనం. జెర్రీ టెసెండార్ఫ్ సముద్రపు అలలను వేర్వేరు పొడవులున్న ఎన్నో అలల కూడికగా లెక్క కట్టే పద్ధతిని సినిమాకు అలవాటు చేశాడు. 1995లో వాటర్‌వరల్డ్, 1997లో టైటానిక్ సినిమాల్లో అది వాడారు. ఆయన పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థే 2012లో లైఫ్ ఆఫ్ పై సముద్రంలో ఎక్కువ భాగం చేసింది. ఆ సంస్థకు మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఆ సినిమాలో నీళ్లు అంతగా నమ్మించడానికి కారణం ఏమిటంటారు? నా మటుకు నాకు ఆకాశం. ఒక్కో ఘట్టానికి ఒక్కో ఆకాశం. నీళ్లు దాన్ని మోస్తాయి. జలపాతం కథ ఇంకా వేరు. 2015లో వచ్చిన బాహుబలిలో కంప్యూటర్ పెంచి చూపిన జలపాతాన్ని గుర్తు తెచ్చుకోండి. అది పారదర్శకం కాదు, తెలుపు. నీళ్లలో లెక్కలేనన్ని గాలి బుడగలు, తుంపరలు. ఒక్కో బుడగా వెలుగును కాస్త కాస్త తుళ్లించి, అన్నీ కలిసి తెలుపవుతాయి. అక్కడ గ్లాసు నీళ్ల సెట్టింగు పెడితే జలపాతం గాజు తెరలా వేలాడుతుంది. నురుగును నురుగుగా వేరే చేయాలి.

ఇప్పుడు బొమ్మలు అల్లే ఏఐ వచ్చింది, గ్లాసు నీళ్లు అని టైపు చేస్తే బొమ్మ ఇచ్చేస్తుంది, ఇదంతా ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఒక్క బొమ్మకైతే చాలాసార్లు పనికొస్తుంది. కాదనను. కానీ ప్రకటనకు కావాల్సింది అదే సీసా, అదే బల్ల, అదే కిటికీ, కెమెరా చుట్టూ తిరుగుతుండగా. అడుగడుగునా సీసాలో కిటికీ సరైన చోటే ఉండాలి. ఉందో లేదో చెప్పగలవాడు కావాలి. అది చూసి చెప్పడానికి కూడా గాజులో కనిపించేది కిటికీ అని తెలిసి ఉండాలి.

చివరగా గేమ్‌లు చేసే పిల్లల కోసం ఒక మాట. ఫోన్‌కు అంత శక్తి ఉండదు. నిజమైన రే ట్రేసింగ్‌కు ప్రత్యేక చిప్పులు పీసీల్లోకి వచ్చిందే 2018లో. కాబట్టి ఉన్న శక్తిని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎంచుకోవాలి. నేనైతే మొదట ఫ్రెనెల్‌కు ఇస్తాను. వాలును బట్టి మెరుపు మారాలి. అది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. తర్వాత ఆ మెరుపులో కనిపించడానికి ఒక మంచి ఆకాశం. ఆ తర్వాత లోతును బట్టి చిక్కబడే రంగు. గట్టు దగ్గర పలచగా, నడిమధ్యలో చిక్కగా. వంపుకు నిజం లెక్క అక్కర్లేదు. వెనక బొమ్మను అలలతో పాటు కాస్త అటూ ఇటూ కదిపితే కన్ను సర్దుకుంటుంది. చెరువు అడుగున వెలుగు వలకు ముందే గీసి పెట్టుకున్న బొమ్మను తిప్పుతూ ఉండొచ్చు. ఆ వల పైన అలలతో ఏమాత్రం పొసగదు. అయినా ఆడేవాళ్లెవరూ దాని గురించి ఫిర్యాదు చేయరు. గట్టు మీద చెట్టు ఉండి నీళ్లలో చెట్టు లేకపోతే మాత్రం చేస్తారు.